సున్నా టికెట్టు

రాజాంలో ఆరూ పదికి కదలాలని బోర్డు మీదుంది.
ఆరున్నరకి కదిలితే ఆ వేళ మేం తొందరపడ్డట్టే.

చీపురుపల్లిలో ఎక్కుతుంది ఇజ్జరోతు హైమ.
నర్సు చదువు అయిపోయింది,
మయూరి జంక్షన్లో మేడ మీద జపాను బాష నేర్చుకుంటోంది.
ఆధార్ చూపిస్తుంది, సున్నా టికెట్టు కొట్టిస్తాను,
నాలుగో వరసలో కిటికీ తుడుచుకుని కూర్చుంటుంది.

ఒళ్లో ఒక కాయితం. ఒసాకా రైళ్ల పటం.
ముగ్గు వేస్తూ వేస్తూ
ఎవరో పిలిస్తే వదిలేసి లేచినట్టున్న గీతలు,
నడిమధ్యలో కనకాంబరం రంగు చుట్టు.
"ఇదేటే గుంటా?"
"చుట్టు లైనక్కా. ఎక్కిన కాడికే తిరిగొచ్చేస్తాది."
"మరి ఆఖరి స్టాపేది?"
"నేదు."

ఇరవై రెండేళ్ల సర్వీసు నాది.
ఆఖరి స్టాపు లేని బండి గురించి వినలేదు.
టీ ఎక్కడ తాగుతారు? డ్రైవరు నడుం ఎక్కడ వాలుస్తాడు?
క్యాషు ఎక్కడ కడతారు?
"కండక్టరు టికెట్టు కొట్టడక్కా.
గేటుకి కార్డు తాకిస్తే అదే కొట్టుకుంటాది."
నేను చిల్లర సంచి భుజమ్మీదకి సర్దుకుని
వెనక తలుపు దగ్గరకి వెళ్లిపోయాను.

గరివిడి దాటాక మళ్లీ నేనే వచ్చాను.
"తెన్మా తరవాత?"
"సకురానోమియా."
"ఆ తరవాత?"
"క్యోబాషి."
నెల రోజులకి ఆ పిల్ల తడబడితే
నేనే అందించేదాన్ని.
గుర్లలో బ్రేకు వేసి మా డ్రైవరు గవరయ్య కేక పెట్టాడొకనాడు:
"మోమోదానీ! మోమోదాని దిగీవోలు!"
ఆనపకాయల మూట ఎత్తుకుని ఒక ముసలాయన
మారుమాట లేకుండా దిగిపోయాడు.
దిగాక మాత్రం వెనక్కి తిరిగాడు.
"గుర్లే కదేటి?"
"గుర్లే తాతా."

అక్కడ బండి ఆలస్యమైతే
ఆఫీసులో చూపించుకోడానికి చీటీ ఇస్తారట, రైలువాళ్లే.
గవరయ్య స్టీరింగు మీద పడి నవ్వాడు,
"మనకైతే పుస్తకాలు సాలవు."

పరీక్ష రోజున గేటు పడింది.
గూడ్సు. పెట్టె తరవాత పెట్టె, పెట్టె తరవాత పెట్టె.
మనసులో లెక్క పెడుతున్న హైమ యాభై దగ్గర ఆపేసి
పైట కొంగు నోట్లో పెట్టుకుంది.
టికెట్టు చుట్టలోంచి జానెడు కాయితం చింపాను.
వెనకవైపు రాశాను:
*బండి ఇరవై ఐదు నిమిషాలు ఆలస్యం.
ఆలస్యం బండిది. పిల్లది కాదు.*
కింద సంతకం, బ్యాడ్జి నంబరు.
నా ఉద్యోగంలో అలాంటి చీటీ రాయడం అదే మొదలు.
కాంప్లెక్సులో దిగి పరిగెత్తింది,
చెప్పు తెగితే చేత్తో పట్టుకుని.
మేష్టారు ఆ చీటీ రెండుసార్లు చదివి
కుర్చీ చూపించాడట.

వెళ్లింది. పది నెలలైంది.
మొన్న రాత్రి ఫోన్లో గొంతు పంపింది,
వెనకాల ఏదో గంటల పాట, తలుపులు మూసుకునే చప్పుడు.
"రాత్రి డూటీ దిగి ఎక్కేనక్కా, నిద్దరట్టీసింది.
త్సురుహాషిలో దిగాల.
రెండు సుట్లు తిరిగిపోయింది బండి.
అందరూ మంచోలే.
ఎవులూ లేపనేదు."

నేనైతే భుజం తట్టేదాన్ని.
నెల్లిమర్ల మిల్లు దగ్గరే తట్టేదాన్ని, రెండు స్టాపులు ముందుగా,
జడ సరిచేసుకోడానికి టైముంటుందని.

ఇవాళ చీపురుపల్లిలో ఎనిమిది మంది ఆడవాళ్లు ఎక్కారు.
మిషను కిర్రుమంటూ సున్నా తరవాత సున్నా కక్కింది.
ఒకటి చింపి వెలుగులో పెట్టి చూశాను.
ఎక్కడ మొదలెట్టి గీశారో తెలీదు.
"కండట్రమ్మా, టికెట్టియ్యవేటి?" అంది ఎదురుగా ఉన్నామె.

ఇచ్చాను.
నాలుగో వరసలో ఎవరో నిద్రపోతున్నారు.
ఎక్కడ దిగాలో అడిగి పెట్టుకోవాలి.